మోకాళ్ళ బండి

షాజహాన్ బీ మోకాళ్ళకు ఇక గట్టి రోడ్డు మీద నడక పనికిరాదని దవాఖానలో చెప్పిన రోజు నుంచి ఎలిశిబాకు నిద్ర కరువైంది. అరిగింది తన మోకాళ్ళు కావు. కానీ రోజూ పొద్దున్నే చర్చి గోడ వెంట నడిచేది ఇద్దరూ కలిసే. నడకకు బదులు నిలబడి కాళ్ళతో తొక్కే ఎలిప్టికల్ మిషన్ ఇంట్లోకే వస్తే బీబీ ఇక గడప దాటదు. ఎవరన్నా "పోయొస్త" అంటేనే గుండె దడదడలాడే మనిషికి ఈ సంగతి చిన్నది కాదు.

అయినా షాపుకు తోడు రమ్మంటే పోకతప్పలేదు. ఎలిశిబా పక్కన లేకుండా షాజహాన్ బీ చీపురు కూడా కొనదు.

సైకిళ్ళ షాపు పరశురాం మొదటి మిషన్ చూపించాడు. "ఎక్కుండ్రి పెద్దమ్మా. కాలు నేలను కొట్టది. గాలిల నడిషినట్టే ఉంటది."

షాజహాన్ బీ ఎక్కింది. మిషన్ గజగజ వణికింది. "అరె, ఇది మెట్లెక్కినట్టున్నది! మోకాలు కడుపు దాక వస్తుంది."

"దీనికి అడుగు పొట్టిది" అని పరశురాం ఒప్పుకున్నాడు.

"మోకాలు బాగయ్యేది దేవుడెరుగు, నడుము గూడ పోతది" అంది ఎలిశిబా హుషారుగా.

రెండోది బరువైంది, వణకలేదు. అడుగు బారుగా, మెత్తగా సాగింది. నాలుగు తొక్కులకే షాజహాన్ బీ ముఖం విప్పారింది. ఎలిశిబా ముఖం వాడింది.

"బురఖా చక్రంల చిక్కుకుంటే?"

"ఇంట్ల బురఖా ఎవలేసుకుంటరే?"

ఎలిశిబా గబగబా వెతుక్కుంది. "మీ ముందటి అర్రల ఫ్యాన్ కిందికే ఉన్నది. దీని మీద నిలవడితే రెక్కలు తలకు తాకుతయి."

వెంట వచ్చిన షాజహాన్ బీ కొడుకు తౌసిఫ్ తల పట్టుకున్నాడు. "అవ్ ఆంటీ, ఫ్యాన్ సంగతి నాకు యాదికే రాలే. జర ఆగుదాం అమ్మీ."

షాజహాన్ బీ దిగి గుమ్మం వైపు నడిచింది. షాపు ముందు మెట్లున్నాయి. కొడుకు భుజం పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. కింది మెట్టు వైపు భయంగా చూసింది.

ఎలిశిబా చూడలేకపోయింది. "ఆగుండ్రి! మీ వెనక అర్రల టేబుల్ ఫ్యానే గద. ఆడ పెట్టుకోండ్రి."

"నా ఇంట్ల అర్ర నాకెర్క లేదా?" షాజహాన్ బీ వెనక్కి తిరిగింది. "ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న. ఎందుకు దాషినవే?"

"ఇది ఇంటికొస్తే నువ్వు బయటికెందుకు వస్తవు? ఒక్కదాన్నే ఎట్ల నడవాలె?" అంది ఎలిశిబా.

"పిచ్చిదానా! లోపటి అర్రల గోడను చూసుకుంట ఒక్కదాన్నే తొక్కుతనా? నువ్వు నీ నడక కానిచ్చి సీదా నా తానకు రా. కుర్చేస్త. చాయ్ తాగుకుంట, రోడ్డు మీద ఎవలెవలు కలిసిండ్రో, ఏం మాట్లాడిండ్రో అంత చెప్పాలె. నాకు నడక లేకున్నా నడుస్తదిగానీ ముచ్చట్లు లేకుంటే నడవది."

ఎలిశిబా కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు చరచరా లోపలికి పోయింది. వెనకే తౌసిఫ్ తల్లిని మెల్లగా నడిపించుకొచ్చాడు.

"మళ్ళొకసారి ఎక్కు బీబీ. ఇది చప్పుడు చేస్తే నా మాటలు నీకు ఇనవడయి, చూద్దాం" అంటూ ఎలిశిబా ఓ స్టూలు లాక్కుని మిషన్ పక్కన కూర్చుంది.

షాజహాన్ బీ తొక్కడం మొదలుపెట్టింది.

"ఇనొస్తుందా?" అడిగింది ఎలిశిబా.

"మస్తు ఇనొస్తుంది. నిన్న మా కోడలు ఏం చేసిందో ఎర్కేనా..."

"అమ్మీ," అన్నాడు తౌసిఫ్, "నేనిక్కడనే ఉన్న."