ఒక్క దగ్గు

గురువారం వచ్చిందంటే వాచీలు బాగుచేసే ఆయన పెందలాడే కొట్టు కట్టేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, సందు చివర మేడ మీదున్న సంగీతం క్లాసుకు బయల్దేరతాడు. అరవై దాటాక ఇదేం సరదా అని పక్క కొట్టువాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

అక్కడ నాలుగు గంటల పాఠం ఆయన భార్యది. ఆవిడ పోయి ఏడాదైనా ఒక్క పాఠమూ ఎగ్గొట్టలేదు. సరిగ్గా నాలుగింటికి పియానో మీటలు వాటంతటవే దిగుతూ లేస్తూ, ఆవిడ నేర్చుకుంటూ వదిలేసిన పాట అందుకుంటాయి. టీచరమ్మ పక్కన కూర్చుని తాళం వేస్తుంది. రిజిస్టరులో పేరు కొట్టేయమని ఎవరూ చెప్పలేదు మరి.

ఈ సంగతి ఆయన చెవిన వేసింది ఐదింటి పాఠానికి వచ్చే కంపౌండరు. వాచీ బాగుకిచ్చి వెళ్తూ, "ఈ వారం మీ ఆవిడ భలే వాయించారండీ. ఎప్పటిలాగే సగంలో ఆపేశారనుకోండి" అన్నాడు.

ఎందుకు ఆపిందో ఆయనకు తెలుసు. ఇంట్లో ముందుగది కొట్టు, వెనకగదిలో ఆవిడ కీబోర్డు. వెంట్రుకంత స్ప్రింగు పట్టుకున్నప్పుడు ఈగ వాలినా ఆయనకు చిరాకే. అరిచే మనిషి కాదు. ఒక్కసారి దగ్గేవాడు, అంతే, వెనకగది గప్‌చుప్. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ పాట ఒక్కటీ చివరిదాకా వినలేదు. ఇప్పుడు ఒక్కసారి వింటే చాలనిపించింది.

మొదటి గురువారం నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మూలన కూర్చున్నాడు. పాటలో మూడో వరుస చివర మీటలు ఆగిపోయాయి.

"మీ దగ్గు కోసం చూస్తున్నారు, బాబాయ్‌గారూ" అంది టీచరమ్మ. ఆ దగ్గు సంగతి ఆవిడే ఎప్పుడో చెప్పిందట.

"దగ్గనని చెప్పమ్మా."

"నేను చెబితే నమ్ముతారా?"

ఆయన రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఆ తర్వాతి వరుస నాకు నేర్పు. అదొక్కటి చాలు. అది వాయించి, కానియ్యమని ఆవిడకు నేనే చెప్పుకుంటాను."

అప్పట్నుంచి ఆవిడ ఆగాక మిగిలిన అరగంట ఆయన పాఠమైంది. మీట ఎగిరి బల్ల కింద పడుతుందేమో అన్నంత జాగ్రత్తగా నొక్కేవాడు. "వాచీ కాదు బాబాయ్‌గారూ, కాస్త గట్టిగా!" అని టీచరమ్మ నెత్తి కొట్టుకునేది.

నాలుగు నెలలకు ధైర్యం చేశాడు. మీటలు ఆగగానే బెంచీకి ఎడమవైపు కూర్చుని నాలుగో వరుస అందుకున్నాడు. ఐదు స్వరాలు బాగానే పడ్డాయి. ఆరోది తప్పింది.

బెంచీ మీద ఖాళీగా ఉన్న కుడివైపు నుంచి ఎవరో ఒక్కసారి దగ్గారు.

ఆయన చేతులు చప్పున ఒళ్లోకి వచ్చేశాయి. ఇన్నేళ్లూ వెనకగదిలో ఆవిడ చేతులూ ఇలాగే వచ్చేవి కాబోలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఆపేశాను. నువ్వు కానియ్యి" అన్నాడు.

మీటలు కదిలాయి. నాలుగో వరుస, ఐదోది, ఆఖరుదాకా, ఎక్కడా తడబడకుండా. పాట ముగిసేదాకా కంపౌండరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మరుసటి గురువారం నాలుగింటికి మీటలు కదల్లేదు. టీచరమ్మ కాసేపు చూసి, రిజిస్టరులో నాలుగు గంటల దగ్గర ఆయన పేరు రాసింది. ఆయన బెంచీలో కుడివైపు చోటు వదిలి కూర్చుని, నాలుగో వరుస మొదలుపెట్టాడు. ఆరో స్వరం దగ్గర కావాలనే తప్పు మీట నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కంపౌండరు వచ్చేదాకా అలాగే దగ్గు కోసం వింటూ కూర్చున్నాడు.