ఇత్తడి ఈల ఏడుపు

నేను ఒక ఇత్తడి ఈలను. పుట్టింది మీరట్‌లో, పరువు సంపాదించింది గుంతకల్లులో. నా కడుపులో చిన్న బెండు గోళీ ఉంది. అది గిరగిరా తిరిగితేనే నాకు గొంతు. మొదట డ్రిల్లు మాస్టరు దానియేలు గారి మెడలో ఉన్నాను. ఆయన రిటైరయ్యాక ఫుట్‌బాల్ రెఫరీ ఓబులేసు నన్ను అడిగి తీసుకున్నాడు. పరాయి ఎంగిలి కదా అని చింతపండుతో మూడుసార్లు తోమాడు. పదిహేనేళ్లు ఇరవై ఇద్దరు మగవాళ్లు నా కూతకు ఆగారు. అదంతా నా గొప్పే అనుకునేదాన్ని.

ఉన్నట్టుండి ఓబులేసుకు ఆడ రెఫరీల పిచ్చి పట్టింది. అమ్మాయిల జట్లు ఆరున్నాయి, ఆడించేవాళ్లంతా మగవాళ్లేనా అంటూ కాలేజీల చుట్టూ తిరిగాడు. నలుగురు దొరికారు. నలుగురికీ నారింజరంగు ప్లాస్టిక్ ఈలలు కొనిచ్చాడు. వాటికి గోళీ లేదు, వానలో తడిసినా గొంతు పోదట. "మా ముసల్దాని కన్నా ఇవే నయం" అన్నాడు, నన్ను జేబులో పెట్టుకునే! కొత్తొక వింత, పాతొక రోత. ఒళ్లు మండిపోయింది.

నలుగురిలోనూ సుంకమ్మ అంటే మరీ మంట. ఓబులేసు నోట ఎప్పుడూ ఆమె పేరే. అయితే వాళ్లమ్మ మారెక్క ఒక షరతు పెట్టింది.

"ఒక్క ఆట సూస్తా సార్. మొగపిల్లోల్లు దీని మాట ఇంటే సరి. ఇనకుంటే ఇంగ పంపేదిల్యా."

ఎవరూ వినకూడదని కోరుకున్నాను. దాచుకోవడం దేనికి?

ఆదివారం పొద్దున ఆట. రెండో సగంలో గోలు ముందర తోపులాట జరిగి, ఒకడు ఇంకొకడి మూతి మీద మోచేత్తో పొడిచాడు. సుంకమ్మ ఈల ఎత్తేలోపే ఎవరి భుజమో తగిలి అది కిందపడి, బూటు కింద రెండు ముక్కలైంది. నా సంతోషం ఏం చెప్పను! "ఆగండి" అని ఆమె అరిచినా ఎవరూ ఆగలేదు. గట్టు మీద మారెక్క లేచి నిలబడింది. ఓబులేసు నన్ను పట్టుకుని గీత దాకా పరిగెత్తాడు.

"సుంకమ్మా, ఇందా!"

నా రోజు వచ్చిందనుకున్నాను. ఆమె నావైపు చూడనైనా లేదు. రెండు వేళ్లు నాలుక కింద పెట్టి ఒక్క కూత వేసింది. మేతకెళ్లిన గొర్రెల మందను మళ్లించే కూత అది. ఇరవై ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. పొడిచినవాడికి ఎర్రకార్డు చూపించింది.

"ఏందక్కా, నేనేం జేసినా?"

"అక్కా గిక్కా ఈడ లేదు. బయటికి పో."

వాడు తల దించుకుని పోయాడు.

"ఆ కూత నేను నేర్పిందే సార్" అంది మారెక్క, నవ్వు ఆపుకోలేక. "ఇంగ ఏ ఊరికన్నా పిల్సుకోని పోండి."

ఈమధ్య ఓబులేసు నన్ను, కొత్తగా చేరే అమ్మాయిలకు చూపించడానికే బయటికి తీస్తున్నాడు. ప్లాస్టిక్ ఈలల మీద నాకిప్పుడు కోపం లేదు. పాపం, అవీ నాలాంటివే. నా ఏడుపంతా ఆ రెండు వేళ్ల మీదే.