మొదటి రీలు

భోజన్నకూ వెంకటసుబ్బారావుకూ ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఒక అమెరికా గుర్రాల సినిమా నిజామాబాదులో ఆదివారం పొద్దుటాటకు ఎప్పుడు తిరిగి వచ్చినా ఎడపల్లి నుంచి ఇద్దరూ కలిసే బస్సెక్కేవాళ్లు. భోజన్నది ఎడపల్లే. సుబ్బారావు తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ కాలువ కింద భూమి కొన్నాడు. ఇద్దరి చెరకు తోటలకూ మధ్య ఒకటే గట్టు.

సినిమాలో ఒక పెద్ద ఆసామి వాగుకు అడ్డకట్ట వేసి కింది రైతు పొలాన్ని ఎండబెడతాడు. పెద్దగా మాట్లాడని కుంటివాడొకడు గుర్రం మీద వచ్చి, రైతు పక్షాన నిలబడి ఆ కట్టను పేల్చేస్తాడు. ఎండిన వాగులోకి నీళ్లు దిగుతుంటే రైతు భార్య బూట్లు విప్పేసి ఆ నీళ్లలో నిలబడుతుంది. అక్కడ భోజన్న ఈల వేసేవాడు. సుబ్బారావు కళ్లు తుడుచుకునేవాడు. కాలువ వంతు కోసం కాపలా కాసినవాళ్లకు ఆ నీళ్ల చప్పుడు అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు చల్లారిన మరుసటి ఏడాది సినిమా మళ్లీ వచ్చింది. ఆట వదిలాక బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ సుబ్బారావు అన్నాడు.

"ఆ రైతును చూస్తే మా నాన్నే గుర్తొస్తాడు భోజన్నా. ఊరు కాని ఊరొచ్చి, బీడు చదును చేసుకొని, అందరిచేతా మాటలు పడి..."

భోజన్న కప్పు కింద పెట్టాడు. "ఊరు గాని ఊరేంది? రైతుది గక్కడనే. బయటికెల్లి వచ్చినోడు గా కట్ట కట్టినోడు."

"నీకెవరు చెప్పారు?"

"నీకెవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. వాళ్ల బస్సు ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి ఒక్కసారి కూడా మొదటి రీలు చూడలేదు. ఇన్నేళ్లూ ఎవరికి వారు ఆ రైతు తమవాడే అనుకున్నారు.

"అంటే ఇన్నేండ్లు నా పక్కన కూసోని, నన్ను గా కట్టోడనుకున్నవా?"

"నువ్వు నన్ననుకోలేదూ?" సుబ్బారావు గొంతు పెంచాడు. "పోయినేడు మా ఇంటి మీద రాళ్లు పడ్డప్పుడు నీ మనసులో ఏముందో ఇవాళ తెలిసింది."

"ఆ దినం నీ అరుగు మీద కట్టె పట్టుకొని కూసున్నదెవడు?" భోజన్న అరిచాడు. హోటలంతా తిరిగి చూసింది. "నా ఊరోళ్లకే అడ్డం నిలవడ్డ! యాదిలేదా?"

భోజన్న ఆ రోజు సుబ్బారావుతో బస్సెక్కలేదు. బోధన్ వైపు పోయే లారీ దొరకబుచ్చుకొని ఇల్లు చేరాడు. వారమంతా భార్య హన్మవ్వ మీద, ఎడ్ల మీద, కనిపించిన ప్రతిదాని మీదా విసుక్కున్నాడు.

తర్వాతి ఆదివారం తొలి బస్సుకే పోయి, తెర వెలగకముందే కూర్చున్నాడు. సినిమా ముగిశాక తిన్నగా చేనుకు వచ్చాడు. సుబ్బారావు గట్టు మీద ఉన్నాడు.

"రైతు బండిలనే వచ్చిండు," అన్నాడు భోజన్న. "పెండ్లాం, గిన్నెలు, అన్నీ ఏసుకొని దూరంకెల్లే వచ్చిండు. నువ్వన్నదే నిజం."

"చెప్పానా!"

"ఆగు. వచ్చినోడు పలుగు దించకముందు గక్కడున్న ముసలోని దగ్గరికి పోయిండు. తలకు ఈకలు పెట్టుకున్నోడు. నీళ్లెక్కడని అడిగిండు. ఆయన చెయ్యిపట్టి వాగు సూపెట్టిండు. మీ నాయన మా బాపును ఒక్కమాటన్న అడిగిండా?"

"మా నాన్న డబ్బిచ్చి కొన్నాడయ్యా. దొంగతనం చేశాడా?"

"దొంగన్ననా నేను? అడిగిండా అంటున్న."

సుబ్బారావు చెరకు ఆకు తుంచాడు. "ఆ ముసలాయన తర్వాత ఏమయ్యాడు?"

"మల్ల కనవడలే," అన్నాడు భోజన్న. "వాగు సూపెట్టినోన్ని సినిమ అయిపోయేదాంక మల్ల ఒక్కసారి సూపియ్యలే. నీళ్లచ్చినప్పుడు గూడ లేడు. నేనేమో గక్కడ ఈలలు కొట్టుకుంట కూసున్న ఇన్నేండ్లు!"

భుజం మీది తువ్వాలు గట్టుకేసి కొట్టి వెళ్లిపోయాడు.

ఆ చెరకు నరికేదాకా ఇద్దరి మధ్యా మాటల్లేవు. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లు పక్కపక్కనే నిలబడ్డా భోజన్న మొహం తిప్పుకునేవాడు.

కొత్త చెరకు నాటే ముందు ఒక ఉదయం సుబ్బారావు భోజన్న వాకిట్లోకి వచ్చాడు. హన్మవ్వ మంచం వాల్చినా కూర్చోలేదు.

"గట్టు వెంట పిల్లకాలువ తీద్దామనుకుంటున్నా. ఈ నేల వాలు నీకు తెలిసినట్టు నాకు తెలీదు. ఎక్కణ్నుంచి తీయమంటావు?"

"గిప్పుడడుగుతున్నవా?" భోజన్న మొహంలో కోపం అలాగే ఉంది.

"ఇప్పుడే అడుగుతున్నా."

భోజన్న పార భుజాన వేసుకొని, అతని కోసం ఆగకుండా చేను వైపు విసవిసా నడిచాడు. సుబ్బారావు వెనకాలే వెళ్లాడు.