తోమి తెచ్చిన బాకు

నాకు ముక్కుమీద కోపం. పాత కత్తులకు వయసు కట్టే పనిలో అది ఇంకా ముదిరింది. తెచ్చిన ప్రతివాడూ తన చేతిలోది ఏ మహారాజో నడుముకు కట్టుకున్నదే అంటాడు. "తుడవకుండా తీసుకురండి" అని నా గది గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. తుడిచేవాళ్లు ఇంటిదగ్గర బయల్దేరేముందు తుడుస్తారు గాని, ఇక్కడికొచ్చి నా గోడ చూసి తుడుస్తారా? ఆ మాత్రం తెలివి నాకు లేకపోయింది.

ఆ రోజు వచ్చింది చూపు పోయిన ఒక పెద్దాయనా, ఆయన చెయ్యి పట్టుకుని కోడలూ. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, సంచిలోంచి గుడ్డమూట తీసి నా బల్లమీద విప్పింది. బాకు తళతళా మెరిసింది. తోమి తెచ్చారన్నమాట.

పెద్దాయన తండ్రి ఒక గొప్పింట్లో కావలివాడట. ఆ ఇల్లు తగలబడినప్పుడు పసిపిల్లని మంటల్లోంచి ఎత్తుకొచ్చాడట. యజమాని మెచ్చి, అతని పేరు రాయించి ఈ బాకు ఇచ్చాడట. అదంతా ఈయన పుట్టకముందు. తర్వాత ఏం గొడవొచ్చిందో, బాకు దొంగిలించాడని నింద వేసి కుటుంబాన్ని కట్టుబట్టలతో వెళ్లగొట్టారు. అప్పటికి ఈయన నాలుగేళ్లవాడు. లాగేసుకుంటారన్న భయంతో తండ్రి దాన్ని దాచేశాడు, చచ్చేదాకా ఎవరికీ చూపించనివ్వలేదు. పాత లిపి కాబట్టి ఇంట్లో చదవగలిగినవాళ్లూ లేరు. దొంగ కొడుకు అనిపించుకుంటూనే ఈయన ముసలివాడయ్యాడు.

"మా నాన్న చెయ్యి మంచిది బాబూ. ఆ అక్షరాలు చదివి చెప్పండి, చాలు," అన్నాడు గుండెమీద చెయ్యి వేసుకుని.

భూతద్దం తీశాను. అంచుకి ఎన్నడూ పదును పెట్టలేదు. పోట్లాటకి కాదు, వేడుకల్లో నడుముకి పెట్టుకోవడానికి చేసింది. చిలక తల పిడి. అలాంటి పిడులమీద మోజు ఓ రెండు తరాలే సాగింది కాబట్టి వయసు ఉజ్జాయింపుగా తెలిసిపోయింది. ఇక అక్షరాలు. ఇలాంటి పనిలో ఇనుముని సన్నగా గీరి గరుకు చేసి, వెంట్రుకంత బంగారు తీగ పరిచి సుత్తితో కొడతారు. గట్టిగా రుద్దితే లేచిపోతుంది. బాకు అలుగుమీద, పేరు ఉండాల్సిన చోట, గరుకు గీతలు ఉన్నాయి. తీగ లేదు.

"దీన్ని దేనితో తోమారమ్మా?" అన్నాను. గొంతు కాస్త లేచింది.

నిన్న మధ్యాహ్నమంతా కూర్చుని ఇటుకపొడితో, నిమ్మచెక్కతో తోమిందట. మాసిన వస్తువు పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి వెళితే మామయ్యగారికి నామోషీ కదా అంది. గుడ్డకి పచ్చగా అంటుతుంటే తుప్పు వదులుతోందనుకుందట. చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయింది. తిట్టు నోటిదాకా వచ్చింది. ఆమె గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రపొడి ఉంది. తిట్టు మింగేసి మళ్లీ భూతద్దం ఎత్తాను.

పిడి మొదట్లో, పట్టీ చాటున కాస్త చోటుకి ఆమె వేలు పట్టలేదు. అక్కడ నాలుగు అంకెలు మిగిలాయి. బాకు చేసిన సంవత్సరం అది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

పెద్దాయన వేళ్లు మడుస్తూ లెక్క వేసుకున్నాడు. "అది మమ్మల్ని వెళ్లగొట్టిన ఏడాది," అన్నాడు.

పిల్లని కాపాడిన కొన్నేళ్లకి కానుక ఇచ్చి ఉండొచ్చని అన్నాను. ఉండొచ్చు కూడా. ఆ సంగతి చెప్పాల్సిన అక్షరాలే లేవు.

"మరి పేరో?"

కోడలే జవాబు చెప్పింది. "నేను తోమేశాను మామయ్యా. నా చేతులారా తుడిచేశాను."

నాకు ఆమెని చూస్తే కోపం పోయి భయం వేసింది, ఈ బరువుతో ఆ ఇంట్లో ఎలా బతుకుతుందా అని. పెద్దాయన గాలిలో తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు తుడిచేసిందేం లేదు తల్లీ. పేరూ లేదు, గీరూ లేదు. మా నాన్న దొంగే. నాకు చిన్నప్పుడే తెలుసు. ఇన్నాళ్లూ బింకానికి చెప్పుకున్నాను, అంతే."

ఆమె నమ్మలేదు. కన్నీళ్లు తుడుచుకోకుండానే నావైపు తిరిగి, అక్కడ మొదటినుంచీ నిజంగా ఏమీ లేదా అని అడిగింది. పెద్దాయన కూడా నా గొంతు వినబడే వైపు మొహం తిప్పి కాచుకున్నాడు.

గరుకు గీతలు కనిపిస్తూనే ఉన్నా, ఏమీ లేదన్నాను. ఆ చచ్చిపోయిన కావలివాణ్ణి, కన్న కొడుకూ నేనూ కలిసి మళ్లీ దొంగని చేశాం.