నొప్పి వస్తే జీవమొచ్చినట్టే

యాభై అయిదు, ఎన్నిసార్లు వేళ్లు ముడిచినా వయసు యాభై అయిదే వస్తోంది, కుప్పంలో ఎక్కిన బస్సు వి.కోట దాటినా తిమ్మప్ప వేళ్లు ఆగడం లేదు, ముందు పదో తరగతి, తర్వాత ఇంటరు రెండేళ్లు, ఆపైన ఫిజియోథెరపీ నాలుగున్నరేళ్లు, తొమ్మిదిలో బడి మానేసినవాడికి నలభై ఏడో ఏట ఇదేం పిచ్చి, కుప్పం ఫిజియోథెరపీ కాలేజీ కిటికీలోని అమ్మాయి మర్యాదగానే అడిగింది, పాపకు బైపీసీలో ఎన్ని మార్కులప్పా అని, పాపకు కాదమ్మా నాకే అంటే పెన్ను కింద పెట్టి నవ్వింది, కోర్సు అయ్యేలోపల నీకే థెరపీ కావాల్సొస్తాదప్పా, నవ్వనీ, ఫీజు కాగితమైతే ఇచ్చింది, ఏడాదికి లక్ష పైనే, జేబులో అది చెమటకు తడిసి ఛాతీకి అతుక్కుంటోంది, పుంగనూరు ఇల్లు అమ్మితే రెండేళ్లు గడుస్తాయి, ఆ తర్వాత ఏం అమ్ముకోవాలి, ఇంత చేసి వచ్చేదెంత, మదనపల్లె ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు జాస్మిన్‌కు అంత చదువుకీ పదహైదు వేలు, అదే థెరపీ గదిలో పంతొమ్మిదేళ్లుగా రోగుల్ని లేపి నడిపించే అటెండరు తిమ్మప్పకు పన్నెండు, మూడు వేల తేడాకు ఎనిమిదేళ్లా, నెరిసిన తలతో కొత్తగా వస్తే ఎవడు పెట్టుకుంటాడు.

పల్లెల వాళ్లు ఎటూ డాక్టరప్పా అనే పిలుస్తారు, ఆ పిలుపుకు ఫీజు లేదు, పక్షవాతంతో పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపితే అబ్బా అని అరుస్తారు, నొప్పి వస్తే జీవమొచ్చినట్టేనప్పా, ఓర్చుకో అంటాడు, ఎవరి దగ్గర పట్టుకున్నాడో గుర్తులేని మాట, ఆ మాటకు ఎన్ని మొహాలు వెలిగాయో, పోయిన నెల జాస్మిన్ చెయ్యి అడ్డం పెట్టింది, అట్ల లాగొద్దన్నా, ఆ భుజం వదులైపోయుంటాది, కీలు జారిపోతాది, నొప్పి అంటే ఆపమని, జీవమొచ్చిందని కాదు, నిన్నటి పిల్ల నాకు చెప్పేదా అని దినమంతా గొణిగాడు, సాయంత్రం పుంగనూరులో ఇంటి తలుపు తీసి, మడిచి గోడకు చేర్చిన అమ్మ నులక మంచాన్ని చూసేదాకా.

పుంగనూరు, పుంగనూరు, దిగేవాళ్లు రండప్పా, కండక్టరు తలుపు బాదుతున్నాడు, ఈ వీధిలోనే రెండేళ్ల కిందట డ్యూటీ దిగి వచ్చి పక్షవాతం వచ్చిన అమ్మను రోజూ నడిపించేవాడు, రత్నమ్మకేం, కొడుకు ఆసుపత్రిలోనే ఉండాడు అనేవాళ్లు, పడిపోయిన ఎడమ చెయ్యే పట్టి లేపేవాడు, ఇడువు నాయినా, యాల ఇట్ల పీకతాండావు, ఇడువప్పా, నొప్పి వస్తే జీవమొచ్చినట్టేమ్మా, పది దినాలకు ఆమె అరవడం మానేసింది, కొడుకు చెప్పుల చప్పుడు వినగానే కొంగు పళ్ల మధ్య పెట్టుకుని సిద్ధంగా కూర్చునేది, చూసినావా, నొప్పి తగ్గింది అని మురిసిపోయాడు, ఆమె పోయినప్పుడు కూడా కొంగు నోటి దగ్గరే ఉంది.

దిగాడు, బస్సు మదనపల్లె వైపు పోయింది, చేతిలో కాగితం, ఉద్యోగానికి కాదు ఇదంతా, ఆ చెయ్యి ఎట్లా పట్టుకోవాలో తెలుసుకుందామని, తెలిసినా పట్టుకోవడానికి ఆ చెయ్యి ఏది, అమ్మ చెప్పనే చెప్పింది, ఇడువప్పా అంది, అది అర్థం కావడానికి తొమ్మిదో తరగతి కూడా అక్కర్లేదు.