బొట్టు పెట్టిన సీడీ

ఇది రెండువేల ఐదు దసరా నాటి సంగతి. ఇప్పుడు తలుచుకున్నా సుబ్బయ్య సారుకు ముందు నవ్వొస్తాది, ఆ వెంటనే ఏడుపొస్తాది. బడిపంతులుగా రిటైరైనంక కర్నూల్లో ఇంటిపట్టున కూర్చుని ఆయన నాలుగేండ్లు ఒకటే పని పెట్టుకున్నాడు. మన సీమ మాటలన్నీ పోగేసి నిఘంటువు కట్టడం. అక్షరానికొక ఫైలు, అన్నీ కంప్యూటర్లోనే.

ఆ ఫైళ్లతోనే వచ్చింది తంటా. వాటి తెలుగు పాత విండోస్‌లో తప్ప యాడా కనపడదు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కూతురు నాగజ్యోతి ఒక దారి చూపింది. విండోస్ లాంటిదే లైనక్స్ అని ఇంకోటి ఉండాదని, దాంట్లో కొట్టే తెలుగు రేపు ఏ మిషన్లోనైనా తెరుచుకుంటాదని, రెండూ ఒకే కంప్యూటర్లో ఉంటే పాతది చూసుకుంటా కొత్తదాంట్లో కొట్టుకోవచ్చని చెప్పింది. సారు సంబరపడి విజయదశమికి ముహూర్తం పెట్టేసినాడు. డిస్కులో విండోస్ జాగాను కుదించి, మిగిలిన దాంట్లో లైనక్స్ ఎక్కించాల. కుదించేటప్పుడు ఏమైనా జరగొచ్చు, ముందు ఫైళ్లన్నీ సీడీకి ఎక్కించి, దాన్ని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడమని కూతురు ఫోన్లో రెండుసార్లు చెప్పింది. సారు నెట్ సెంటర్లో సీడీ కొట్టించినాడు గానీ తెరిచి చూడలేదు. ముప్పై ఏండ్లు పిల్లోళ్ల నోటుబుక్కులు దిద్దినోనికి తన పనిని తాను దిద్దుకోవాలంటే నామోషీ మరి.

ఆయన భార్య లక్ష్మీదేవమ్మ పుట్టినిల్లు కోసిగి. ఆయుధపూజ నాడు ఆమె చేతిలో కొడవలి మొదలు కుట్టుమిషన్ దాకా బొట్టు పడనిది ఉండదు. ఆ ఏడు మానిటర్‌కు పెట్టింది, మౌసుకు పెట్టింది. సీడీని గూడా తీసి, మెరిసే వైపే దాని ముఖమనుకుని, పసుపు పూసి నాలుగు కుంకుమ బొట్లు పెట్టి భద్రంగా డబ్బాలో దాచింది.

మరుసటి రోజు పొద్దున నాగజ్యోతి వచ్చి, సీడీ చూసినావా నాయనా అని మళ్లీ అడిగింది. చూసినానని సారు అబద్ధం చెప్పేసినాడు. పండగపూట కరెంటు తియ్యరులే అని ఇంకో ధీమా. జాగా సగం కుదించేసరికి ఠప్పున కరెంటు పోయింది. మళ్లీ వచ్చినంక విండోస్ లేవలేదు, ఒక్క ఫైలూ కనపడలేదు.

సీడీ డబ్బా తెరిస్తే, మిషన్ చదివే వైపంతా పసుపు, కుంకుమ. అంతే, సారుకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగేండ్ల పని బుగ్గిపాలు చేసినావని పెండ్లాన్ని నానా మాటలన్నాడు. కూతురు వద్దంటాన్నా ఇనకుండా భుజం మీది తువాలు తీసి ఆ కుంకుమను గుండ్రంగా బరబరా రుద్దినాడు. పక్కింటోళ్ల కంప్యూటర్లో పెడితే డ్రైవు గరగరమని ఊరకైపోయింది. సారు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడినాడు. ఏడుపు ఆపుకోలేకపోయినాడు.

లక్ష్మీదేవమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

“ఏడవొద్దప్పా. ఆ మాటల్లో ముక్కాలు పాలు నా నోట్లోవే గదా. నేనేం సచ్చిపోలేదే. మళ్లీ చెప్తా, రాసుకో.”

సారు తలెత్తి చూసినాడు. నిజమే. పొయ్యికాడ, ముగ్గుకాడ ఆమె అనిన మాటలనే ఆయన చీటీల మీద రాసుకుండేది. ఇన్నేండ్లలో ఒక్కచోటన్నా ఆమె పేరు రాయాలని తట్టలేదు. ఆయనకు శానా సిగ్గేసింది.

లోపల నాగజ్యోతి సీడీని సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడిచింది. మళ్లీ పక్కింట్లో పెట్టి చూస్తే ఈసారి తెరుచుకుంది. అన్ని అక్షరాలూ వచ్చినాయి, ఒక్క ‘ద’ తప్ప. బొట్టు నీళ్లకు పోయింది గానీ తువాలు గీసిన గీతలు పోలేదు.

సాయంత్రానికి నాగజ్యోతి ముందు విండోస్‌ను, దాని తర్వాత లైనక్స్‌ను మళ్లీ ఎక్కించింది. ఆ తర్వాత పదకొండు దినాలు లక్ష్మీదేవమ్మ శనక్కాయలు వొలుచుకుంటా దుడ్లంటే డబ్బులు, దబరంటే గిన్నె అని పోయిన ‘ద’ మాటలు ఒక్కొక్కటే చెప్పింది. సారు కొత్త తెలుగులో కొట్టుకున్నాడు. ముందెన్నడూ ఆయన ఇనని మాటలు గూడా వచ్చినాయి. కుదురుగా కూర్చుని ఆమెను అడిగింది అదే మొదటిసారి మరి.

పుస్తకం అచ్చయి వచ్చిన దినం సారు మొదటి పుట తెరిచి ఆమె ఒళ్లో పెట్టి చదివి ఇనిపించినాడు. చెప్పినది లక్ష్మీదేవమ్మ, రాసుకున్నది సుబ్బయ్య అని ఉండాది. ఆమె చాలాసేపు ఆ పుట మీద నుంచి చెయ్యి తీయలేదు.

“బొట్టు పెట్టింది నేను, గీతలు పెట్టింది నువ్వు. అది గూడా రాయల్ల గదప్పా,” అనింది.

రెండో అచ్చులో సారు అది గూడా రాసినాడు. చదివి ఇనిపిద్దామంటే ఆమె లేదు.