ఖాళీగా వదిలిన గుండ్రం

నేను బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే మా ఆయన వెర్లిన్ అడిగాడు, "నీ కుట్టుమిషను గది ఎప్పుడు సర్దుతావు? ఈ నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండక్కల్లా అమ్మ మనింట్లో ఉండిపోడానికి వచ్చేస్తుంది."

గది పోతే పోనీ. నా బెంగంతా బస్సు గురించి. పంతొమ్మిదేళ్లుగా మా ఊరి స్కూలు బస్సు నేనే నడుపుతున్నాను. మిన్నెసోటా చలిలో చీకటితోనే లేచి, అద్దం మీద మంచు గీకి, నలభైమంది పిల్లల్ని బడికి చేరుస్తాను. రోజు మొత్తంలో ఆ రెండు గంటలే నేను తిప్పినట్టు ఏదైనా తిరిగేది. పోయిన ఆదివారం చర్చిలో అందరికీ కాఫీ పోస్తుంటే, మా ఆయన పాస్టరుగారితో అంటున్నాడు: "మార్లిస్ బస్సు మానేస్తోందండీ, అమ్మను తనే చూసుకుంటుంది." ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. వెర్లిన్ రిటైరై ఏడాదైంది, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. "ఎంత మంచిదానివమ్మా!" అన్నారు పాస్టరుగారు. నలుగురిలో ఏమంటాను? కప్పు నింపాను. ఇంటికొచ్చి అడిగితే, "అక్కడ నువ్వేం అనలేదుగా. సరేననుకున్నా" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. నర్సు చదువు మధ్యలో ఆగిపోయిందీ, మా అమ్మ ఇచ్చిన పియానో ఆడపడుచు ఇంటికి తరలిపోయిందీ ఈ మాట మీదే. "కోడలు బంగారం, నోట్లో నాలుకే లేదు" అని అత్తగారు పెళ్లైన కొత్తలోనే మెచ్చుకుంది. మౌనం అర్ధాంగీకారమంటారు. మా ఇంట్లో సగం కూడా కాదు, పూర్తి అంగీకారమే. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

భోజనాలయ్యాక ఓటు పత్రాలు ముందేసుకున్నాం. మా ఊళ్లో ఓట్లన్నీ పోస్టులోనే. ఒకరి కవరు మీద ఒకరం సాక్షి సంతకం పెట్టుకుంటాం. వెర్లిన్ చకచకా పేర్ల పక్కనున్న గుండ్రాలు నల్లగా నింపేసి కలం మూశాడు.

"మన రాష్ట్ర రాజ్యాంగ సవరణకి ఏం పెట్టావు?" అన్నాను.

"సరస్సుల బాగుకి డబ్బిచ్చే సంగతేగా? మంచిదే అనుకుంటా, పూర్తిగా తెలీదు. ఖాళీగా వదిలేశా. తెలిసినవాళ్లు తేలుస్తారులే. మనం అటూ కాదు, ఇటూ కాదు."

"పైన రాసింది చదివావా?"

కళ్లజోడు సవరించుకుని పైకే చదివాడు. సవరణ మీద ఓటు వేయకపోతే దానికి వ్యతిరేకంగా వేసినట్టేనని ఉంది. ఓటు పత్రం పంపిన వాళ్లందరిలో సగానికి మించి అవునంటేనే సవరణ నెగ్గేది. ఖాళీ అంటే కాదనే లెక్క.

"ఓరి వీళ్ల దుంపతెగ! నేనెప్పుడు కాదన్నాను? నోరెత్తనివాడి తరఫున వీళ్లే మాట్లాడేస్తారా? ఇదెక్కడి న్యాయం!"

నాకు నవ్వాగలేదు. గొణుక్కుంటూనే 'అవును' పక్క గుండ్రం నింపి, కవరు అంటించి సంతకానికి నా ముందుకు తోశాడు. పెట్టాను. నా పత్రం కూడా ముగించి కలం కింద పెట్టాను.

"వెర్లిన్, మీ అమ్మను రానీ. గది రేపే సర్దుతాను. బస్సు మానే సంగతి మాత్రం నువ్వు నన్నడగలేదు, నేనేమీ అనలేదు. నాది ఖాళీ గుండ్రం."

"అయితే ఏంటట?"

"ఖాళీ అంటే ఏంటో ఇప్పుడేగా పైకే చదివావు."